మరబోటుకు మూడు రంగుల తోరణం కట్టొచ్చా?

సరంగు కొడుకు:
మాది విశాఖ ఫిషింగ్ హార్బర్. ఏటా ఆగస్టు 15న మా బోటు ముక్కు నుంచి కొయ్య మీదుగా వెనకదాకా తాడు లాగి, దానికి చిన్న చిన్న జాతీయ జెండాలు కడతాం. నిరుడు పక్క బోటు ఓనరు వచ్చి "ఇది తప్పురా, కేసవుద్ది" అన్నాడు. తెల్లారకముందే లేచి కట్టిన తోరణం. మా నాన్న మొహం మాడిపోయింది. నిజంగా తప్పేనా?

నీలిరేవు:
తప్పే. 2002 నుంచి అమల్లో ఉన్న జెండా నియమావళి ప్రకారం జాతీయ జెండాను తోరణంగా, అలంకరణగా వాడకూడదు. నీళ్లలో తేలాడనివ్వకూడదు. పడవ మీద కప్పకూడదని పడవ పేరెత్తి మరీ రాశారు. జెండాను అవమానిస్తే 1971 చట్టం కింద మూడేళ్ల దాకా జైలు.

చేపలపులుసు:
అబ్బో, జైలు దాకా తీసుకెళ్లిపోయారు! ప్రేమతో కట్టుకున్నవాడు అవమానించినట్టా? 2004లో నవీన్ జిందాల్ కేసులో సుప్రీంకోర్టు ఏమంది? జెండా ఎగరేసుకోవడం పౌరుడి ప్రాథమిక హక్కు, నియమావళి చట్టం కాదు అంది.

నీలిరేవు:
జెండా గౌరవం కాపాడే మేరకు నియమావళిని పాటించాలని కూడా అదే తీర్పులో ఉంది, అది వదిలేశారు. జైలు మాట తొందరపడి అన్నాను, ఒప్పుకుంటా. 2022 ఫిబ్రవరిలో విశాఖలో రాష్ట్రపతి నౌకాదళ సమీక్ష జరిగినప్పుడు యుద్ధనౌకలకి కట్టిన రంగుల వరసలు చూశారా? అవి జాతీయ జెండాలు కావు, ఓడలు ఒకదానికొకటి కబురు చెప్పుకునే సిగ్నల్ జెండాలు.

పాత కళాసీ:
సరుకు ఓడల్లో పనిచేసినవాణ్ని. అక్షరాలకి 26, అంకెలకి 10, ఇంకో నాలుగు, మొత్తం 40 జెండాలు. ఏ మాటా ఏర్పడకుండా కలగాపులగంగా కట్టాలి. ఎందుకంటే ఒక్కోదానికి ఒక్కో అర్థం. ఎరుపూ పసుపూ ఐమూలగా ఉన్నది ఒక్కటే ఎగిరిందా, "మనిషి నీళ్లలో పడ్డాడు" అని! అందుకే రేవులో ఆగి ఉన్నప్పుడే కట్టేవాళ్లం, బయల్దేరేముందు దించేసేవాళ్లం. దేశం జెండా ఆ తాడు మీద ఉండదు, దాని చోటు దానిదే. అన్నట్టు, మన వాణిజ్య ఓడల వెనక ఎగిరేది ఎర్రజెండా, మూలన త్రివర్ణం ఉంటుంది. కొత్తవాళ్లు చూసి కంగారుపడేవారు.

చేపలపులుసు:
మరబోటు ఓనరు ఆ 40 ఎక్కడ తెస్తాడండీ? గంగమ్మ పండక్కి కట్టే రంగు గుడ్డలు చాలు. నావరకు మూడు రంగుల తోరణం తప్పని ఇప్పటికీ అనను.

నీలిరేవు:
రంగు గుడ్డలు భేషుగ్గా కట్టుకోండి. జాతీయ జెండా మాత్రం ఒక్కటే, విడిగా, వాటికన్నా ఎత్తున.

సరంగు కొడుకు:
నాన్నకి చదివి వినిపించా. "మరి మిగిలిపోయిన రెండొందల జెండాలు ఏం చెయ్యను?" అంటున్నాడు. పిల్లల చేతికి ఇచ్చేయొచ్చా?

నీలిరేవు:
కాగితంవైతే ఊపుకోవచ్చు, తర్వాత నేలమీద పారేయకుండా ఉంటే చాలు. ప్లాస్టిక్‌వైతే అసలు వాడకూడదు. మీవి కాగితంవేగా?

సరంగు కొడుకు:
ప్లాస్టిక్‌వే.