రాతి మీద మూడో పేరు వేయాలా, వద్దా? తెలిసినవాళ్లు చెప్పండి

భీమిలి_గట్టు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది భీమిలి దాటాక ఒడ్డున ఉన్న చిన్న పల్లె. వేట నిషేధం కదా, జూన్ 14 దాకా బోట్లన్నీ ఇసక మీదే. మగాళ్లంతా ఊళ్లోనే ఉన్నారు కాబట్టి రామాలయం అరుగు మీద రోజూ ఏదో ఒక తగువు. ఈసారి తగువు మాత్రం మంచి పని మీదే వచ్చింది.

ఊరి నుంచి మిలటరీకి, నేవీకి వెళ్లి యుద్ధం రోజుల్లో పోయినవాళ్ల పేర్లు నల్లరాతి మీద చెక్కించి, ఒడ్డుకి దిగే దారిలో రావిచెట్టు కింద పెడదామనుకున్నాం. చందాలు వచ్చేశాయి. రాయి కూడా వచ్చి గుడి వెనక గోనెసంచులు కప్పుకుని పడుంది. పేర్ల దగ్గరే ఆగిపోయాం.

మొదటి పేరుకి ఎవరూ అడ్డు చెప్పలేదు. 1971 యుద్ధంలో మునిగిన ఐఎన్‌ఎస్ ఖుక్రీ అనే నేవీ ఓడ మీద ఉన్నాయన. ఓడతోపాటే పోయాడు. ఆయన భార్య మా వీధిలోనే ఉంది, ఊరందరికీ మామ్మ.

రెండో ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో 'రంగం వైపు', అంటే బర్మాలోని రంగూన్ వైపు, పోయాడంటారు. ఇంతకు మించి ఎవరికీ ఏమీ తెలీదు. వాళ్లింట్లో ఒక పతకం ఉంది. ఆరు మొనల నక్షత్రం, రిబ్బన్ ఎప్పుడో చివికిపోయింది. ఆ ఇంటి ఆడవాళ్లు ఏటా భోగికి ఇత్తడి చెంబులతోపాటు దాన్ని కూడా చింతపండు పెట్టి తోమేవారట. ఎనభై ఏళ్ల చింతపండు! వెనక వైపు ఏవో గీతలున్నట్టు వేలికి తగులుతోంది గానీ కంటికి ఆనడం లేదు.

మూడో ఆయన దగ్గరే గొడవ. అదే యుద్ధానికి వెళ్లి, క్యాంపులో చలిజ్వరం వచ్చి ఆస్పత్రిలో పోయాడు. "తూటా తగల్లేదు, ఓడ మునగలేదు. మంచం మీద పోయినవాడి పేరు వాళ్ల సరసన ఎలా వేస్తాం?" అని ఊరి పెద్దాయన ఒకరు పట్టుబట్టి కూర్చున్నారు. నేను గట్టిగా మాట్లాడలేకపోతున్నా. ఎందుకంటే ఆ మూడో ఆయన మా తాతకి సొంత అన్న. నేనేం మాట్లాడినా 'వాళ్ల ఇంటివాడి కోసం' అంటారు.

ఇలాంటి వాటికి ఏదైనా రూలు ఉంటుందా? పాత వివరాలు ఎక్కడ దొరుకుతాయి? పేర్లు తప్పు పడితే రాయి మళ్లీ కొనలేం, అదే టెన్షన్.

లంగరు_దించిన_నావికుడు:

తమ్ముడూ, నేను నేవీలో చేసి రిటైరయ్యాను, విశాఖలోనే ఉంటాను. ఒక్కొక్కరి సంగతే చెప్తా.

మామ్మగారి దగ్గర ఫ్యామిలీ పెన్షన్ కాగితం ఉంటుంది, పీపీఓ అంటారు. అందులో ఆయన సర్వీస్ నంబరు, ర్యాంకు ఉంటాయి. ముందు అది చూడండి. నంబరు ఉంటే చాలు, మిగతాది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి అడగొచ్చు. ఢిల్లీలో నేషనల్ వార్ మెమోరియల్ ఉంది, 2019 ఫిబ్రవరి 25న మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక పోయినవాళ్ల పేర్లు త్యాగ చక్రం గోడల మీద రాతి పలకలకి చెక్కారు. మొదలుపెట్టేనాటికే 25,942 పేర్లు. ఖుక్రీవాళ్ల కోసం అక్కడ వెతకండి.

ఖుక్రీ గురించి మీ కుర్రాళ్లకి తెలుసో లేదో. 1971 డిసెంబరు 9 రాత్రి తొమ్మిది కావస్తుండగా, డయ్యూకి ఎదురుగా అరేబియా సముద్రంలో, పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ వదిలిన టార్పెడో తగిలింది. నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడని వదిలి రాలేదు, ఆయనకి మహావీర చక్ర ఇచ్చారు. డయ్యూలో సముద్రానికి ఎదురుగా గుట్ట మీద స్మారకం ఉంది, అద్దాల పెట్టెలో ఓడ నమూనా పెట్టారు. తర్వాత అదే పేరుతో ఇంకో ఓడ కట్టారు. దాన్ని 2021 డిసెంబరు 23న మన విశాఖలోనే సర్వీస్ నుంచి తప్పించి, మ్యూజియం కోసం డయ్యూకి పంపారు.

మన ఊళ్లో 1971 అంటే అందరికీ డిసెంబరు 4న పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ మన తీరంలో మునగడమే గుర్తు. ఆర్‌కే బీచ్‌లో ఆ యుద్ధం గెలుపుకి గుర్తుగా స్తూపం ఉంది, నేవీ డే హడావుడీ అక్కడే. అయిదు రోజుల తర్వాత అవతలి తీరంలో పోయిన మనవాళ్ల సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తరు. ఆ గాజీలోనూ 90 మందికి పైగా ఉన్నారు లెండి, ఇంకా మన సముద్రం అడుగునే ఉన్నారు. వాళ్లకీ ఇళ్లలో తల్లులుండే ఉంటారు.

పతకం సంగతి. ఆరు మొనలుంటే అది బర్మా స్టార్ అయ్యే అవకాశం ఉంది, కానీ ఆ యుద్ధం నక్షత్రాలన్నీ అదే ఆకారం. మధ్యలో గుండ్రంగా రాసిన అక్షరాలు చూసి తేల్చుకోండి. ఇండియన్ సైనికులకి ఇచ్చినవాటికి వెనక నంబరు, పేరు కొట్టేవారు. దయచేసి ఇంక తోమొద్దని చెప్పండి! రాత్రి లైట్లు తీసేసి, సెల్‌ఫోన్ టార్చి పక్కనుంచి, దాదాపు పతకానికి ఆనించి వేయండి. గీతలకి నీడ పడుతుంది. పల్చటి కాగితం పెట్టి మెత్తటి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దినా తేలొచ్చు.

ఇక మీ మూడో ఆయన. రూలు ఉంది, అది మీ వైపే ఉంది. ఆ యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు చూసుకునేది కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 లోపు సర్వీసులో ఉండగా పోతే చాలు, తూటాకైనా జ్వరానికైనా వాళ్లకి ఒకటే లెక్క. ఎందుకంటే బర్మా సరిహద్దులో అసలు శత్రువు దోమ. 1943లో ఒకడు గాయంతో వెనక్కి వస్తే 120 మంది జబ్బుతో వచ్చారు. ఈ లెక్క ఆ సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ చెప్పిందే. పెద్దాయనకి ఈ అంకె చెప్పి చూడండి.

ఆ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు పెట్టి వెతకొచ్చు. సమాధి దొరకనివాళ్లవి రంగం దగ్గర తౌక్యాన్‌లోని స్తంభాల మీద దాదాపు 27 వేల పేర్లున్నాయి. ఇక్కడి ఆస్పత్రుల్లో పోయి, సమాధి నిలవనివాళ్లవి ఢిల్లీ, కరాచీ స్మారకాల జాబితాలో ఉంటాయి. మీ తాతగారి అన్నగారిని అందులో చూడండి.

వంశధార_పిల్ల:

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త అండీ. మాది ఉద్దానం, మా అమ్మమ్మ వాళ్ల నాన్న కోసం నేనూ ఇలాగే వెతికాను. ఇంటిపేరుతో కొడితే ఏమీ రాదు. ఆనాటి గుమాస్తాలు మనవాళ్ల ఇంటిపేరు చాలాసార్లు రాసుకోనే లేదు. ఒట్టి 'అప్పలస్వామి', తండ్రి పేరు, ఊరు, అంతే. అది కూడా ఒకచోట రెండు 'పీ'లు, ఒకచోట ఒకటే. మన వైపు ఇంటికో అప్పలస్వామి, వీధికో అప్పారావు! అందుకే పేరుతో కాకుండా విశాఖపట్నానికి పాత స్పెల్లింగు 'విజగపటం' అని జిల్లా పెట్టి వెతికి, తండ్రి పేరు సరిపోయినవాళ్లని ఏరుకోండి.

రాతి మీద మాత్రం ఆ ఇంగ్లీషు పేరుని తిరిగి తెలుగులోకి దించకండి. మా పక్క ఊళ్లో అలాగే చేశారు. 'అపాలా సామి' అని పడింది. పోయినాయన కూతురు రాయి చూసి "ఇదెవరు?" అంది పాపం. ఇంటిపేరు, పేరు, ఊళ్లో పిలిచే పేరు, మూడూ ఇంట్లోవాళ్ల నోట విని రాయించండి.

నిజం_నిక్కచ్చి:

నాదొక అనుమానం. తెల్లవాడి సైన్యంలో జీతానికి చేరినవాళ్లని, దేశం కోసం పోయిన ఖుక్రీ నావికుణ్ణి ఒకే రాతి మీద పెట్టడం సబబేనా?

భీమిలి_గట్టు:

నిక్కచ్చి గారూ, ఆ మాట మా అరుగు మీద కూడా వచ్చింది. ఆ యుద్ధానికి మన దేశం నుంచి వెళ్లింది 25 లక్షల మంది. వాళ్లంతా తెల్లవాడి మీద ప్రేమతో వెళ్లారంటారా? మా తాత అన్న వెళ్లింది వల బాకీ తీర్చడానికి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులేశాక ఒడ్డున వేట సరిగ్గా సాగలేదట. మొదటి నెల జీతం మనియార్డర్ వచ్చింది, రెండోది వచ్చింది, తర్వాత తంతి వచ్చింది. మేం రాతి మీద 'దేశం కోసం' అని రాయడం లేదు. 'ఈ ఊరివాళ్లు' అని రాస్తున్నాం.

నావికుడు గారూ, మీరు చెప్పినట్టే మామ్మ దగ్గరికి వెళ్లాను. పీపీఓ ట్రంకు పెట్టెలో, పెళ్లి చీర మడతల్లో ఉంది. నంబరు రాసుకున్నాను. తేదీ చదివి వినిపించబోతే ఆవిడే అందుకుంది. "తొమ్మిదో తారీఖు నాకెందుకురా, అది మార్గశిర లక్ష్మివారం. పొద్దున్నే బురుజుపేట వెళ్లి అమ్మవారికి నా చేత్తోనే పసుపు నీళ్లు పోసి వచ్చాను" అంది. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చి ఫోన్లో 1971 క్యాలెండర్ తీసి చూస్తే నిజంగానే గురువారం. రాయి డిసెంబరు 4న కాకుండా 9న నిలబెడదామని అందరం అనుకున్నాం. నాలుగున నేవీ డే, ఎలాగూ అందరి చూపూ ఆర్‌కే బీచ్ మీదే ఉంటుంది.

పతకం టార్చి కింద పెట్టి చూశాం. నాలుగంకెలు తేలాయి, అయిదోది మూడో ఎనిమిదో తెలీడం లేదు. పేరులో చివరి రెండక్షరాలు ఉన్నాయి. బర్మా స్టారే. వాళ్ల కోడలు "అయ్యో, నేనే అరగదీశానా" అని కూర్చుండిపోయింది.

120 మంది లెక్క పెద్దాయనకి చెప్పాను. బీడీ అయిపోయేదాకా ఏమీ అనలేదు. ఆఖరికి "సరే వెయ్యండి. కానీ చలిజ్వరంతో పోయాడని కూడా వెయ్యండి. అబద్ధం చెక్కించకండి" అన్నాడు. మొదట నాకు కోపం వచ్చింది. రాత్రి ఆలోచిస్తే అదే బాగుందనిపించింది. ఇప్పుడు ముగ్గురికీ పేరు కింద చిన్న అక్షరాల్లో ఎలా పోయారో వేయిస్తున్నాం. చెక్కేవాడు అక్షరానికి ఇంత అని తీసుకుంటాడు, చందా మళ్లీ పోగు చేయాలి. నిషేధం ఎత్తేలోపు అది తేలితే చాలు.