సమస్య: ‘యముని యింట దొరకె నమృత ఫలము’

ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇది; ముందు మూడు పాదాలూ రాసి పూరించాలి. చావు ఇంట్లో చావులేనితనం ఎలా దొరికిందో చెప్పాలి. మన లోపలి భయానికీ, ‘నేను’ అనే పట్టుకీ తగిలేలా పూరిస్తే మరీ సంతోషం.

మొదటి పూరణ

తండ్రి కోపమునకు దల్లడిల్లక చని
మూడు రాత్రు లచట ముద్ద లేక
నిలిచి యడిగె జావు దెలియు విద్యను నాడు
యముని యింట దొరకె నమృత ఫలము

సమీక్ష: తండ్రి కోపంతో ‘నిన్ను యముడికిచ్చాను’ అంటే యముడి ఇంటికి వెళ్ళిన నచికేతుడి కథ, కఠోపనిషత్తులోది, నాలుగు పాదాల్లో ఇమిడింది. మూడో పాదంలో ప్రాసయతి (యతి అక్షరాలకు బదులు వాటి పక్క అక్షరాలు కలవడం: నిలి–దెలి) హాయిగా కుదిరింది. అయితే ఆ మూడు రాత్రులూ యముడు ఇంట్లో లేడు. ఆ ఖాళీ గడప ముందు కదలకుండా కూర్చోవడమే నచికేతుడి అసలు తపస్సని నాకనిపిస్తుంది. తిరిగొచ్చాక ‘నమస్తేఽస్తు బ్రహ్మన్’ అని మృత్యువే ఆ పిల్లవాడికి దణ్ణం పెట్టింది! ఆ మలుపు పద్యంలోకి వచ్చి ఉంటే ఎంత బాగుండేదో.

రెండో పూరణ

పతిని వీడలేక పాశధరుని వెంట
నడచి మాటతోడ గెలిచె సాధ్వి
ప్రేమ యున్నచోట బెదురు నిలుచునేమి
యముని యింట దొరకె నమృత ఫలము

సమీక్ష: రెండో పాదంలో ‘న’కు ‘గె’తో యతి చెల్లదండీ. ‘నడచి మాటతోడ నాథు దెచ్చె’ అంటే సరి. మూడో పాదం మనసుకు పట్టింది. కానీ సావిత్రి యముడి ఇంటికి వెళ్ళలేదు, అతనే అడవికి వచ్చాడు. ‘యముని యింట’కు సమర్థన దొరకలేదు.

మూడో పూరణ

నేను నాది యనెడి నీడయె యముడయ్యె
దేహ మతని యిల్లు దెలిసి చూడ
బెదరి పారిపోక యెదుటనె కూర్చుండ
యముని యింట దొరకె నమృత ఫలము

పూరణ రాసినవారి మాట: ఆపరేషన్ ముందు రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. ‘పోతానేమో’ అని వణుకుతున్నది ఎవరా అని చూస్తూ కూర్చున్నాను. భయం పోలేదు గానీ, దాన్ని చూస్తున్నది మాత్రం వణకడం లేదు. అప్పుడు పుట్టిన పద్యమిది.

మరో సభ్యుడు: పద్యం గొప్పగా ఉంది. ఒక్క సందేహం. మొదటి పూరణలోని కఠోపనిషత్తే దేహాన్ని ‘పురమేకాదశద్వారమ్ అజస్య’ అంటుంది. పదకొండు వాకిళ్ళ ఆ ఊరు పుట్టుక లేనివాడిది. మీరేమో దాన్ని యముడి పేర రాసేశారు!

పూరణ రాసినవారు: నిజమేనండీ. ‘నేను’ యజమానిగా ఉన్నంతకాలమే అది యముడి ఇల్లు. రెండో పాదం మారుస్తున్నాను:

దేహ మతని యిల్లు దెలియువరకు

సమీక్ష: గణాలూ యతీ అలాగే నిలిచాయి, సందేహమూ తీరింది. ఈ పాదంతోనే పద్యాన్ని స్వీకరిస్తున్నాం.