ట్రాలీ మీద చిన్న ఇల్లు: నేల పొరలు ఎలా వేయాలి?

పరకాల_పత్తిచేను:
అందరికీ నమస్కారం. పరకాల దగ్గర మా చేనులో పత్తి ఏరే రోజుల్లో ఉండటానికి, 18 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గల పాత నాలుగు చక్రాల ట్రాలీ మీద ఒక గది, స్నానాల గది కట్టుకోవాలనుకుంటున్నాను. చేనంతా నల్లరేగడి, ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి వానాకాలం ఉబ్బే ఆ నేలలో పునాది తవ్వడం నాకు ఇష్టం లేదు. ట్రాలీ పలకలు తీసేసి ఛాసీ మాత్రం మిగిల్చాను. విదేశీ వీడియోలలో దాని మీద చెక్క దూలాలు బిగించి, మధ్యలో థర్మోకోల్ నింపి, పైన ప్లైవుడ్ పరుస్తున్నారు. మా వెల్డర్ మాత్రం ఇనుప పైపులు వెల్డింగ్ చేసి సిమెంట్ బోర్డు వేస్తే చాలంటున్నాడు. ఏది మేలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

కరీంనగర్_ఫ్యాబ్రికేటర్:
చెదల దృష్ట్యా చెక్క దూలాల కన్నా పైపుల ఫ్రేమే మేలు కాబట్టి మీ వెల్డర్ మాటను పూర్తిగా కొట్టిపారేయలేము. అయితే బరువు చూసుకోండి. మీ 144 చదరపు అడుగులకు 8×4 షీట్లు నాలుగున్నర పడతాయి, 18 మి.మీ. ప్లైవుడ్ షీటు సుమారు 35 కిలోలుంటే, అదే మందం సిమెంట్ బోర్డు దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. ప్లైవుడ్ అయితే ఐఎస్ 710 (భారత ప్రమాణం) ముద్ర ఉన్న, నీటిని బాగా తట్టుకునే మెరైన్ రకమే తీసుకోండి. ఫ్రేమ్‌ను ఛాసీకి వెల్డింగ్ చేయకుండా, మధ్యలో రబ్బరు పట్టీ పెట్టి బోల్టులతో బిగించండి. రేపు ఏ యాక్సిల్ పట్టీయో మార్చవలసి వస్తే ఇంటిని కోయనక్కరలేదు. ఉష్ణోగ్రతలో 30 డిగ్రీల తేడాకు మీ ఛాసీ పొడవులో సుమారు 2 మి.మీ. సాగుతుంది కనుక షీట్ల మధ్య 3 మి.మీ. సందు వదలండి. గోడలు, చూరు కలిపి వెడల్పు 2.6 మీటర్లు దాటితే వాహన నిబంధనలకు విరుద్ధమవుతుందని కూడా గుర్తుంచుకోండి.

నర్సంపేట_తోటఇల్లు:
ఆ వీడియోలు చూసి నేను చేసిన పొరపాటు చెబుతాను. చలిదేశాల వారు గది లోపలి వెచ్చని తేమ నేల పొరల్లోకి దిగకుండా థర్మోకోల్ పైన పాలిథీన్ పరుస్తారు. నేనూ అలాగే పరిచి, దాని మీద ప్లైవుడ్ బిగించి, ఏసీ పెట్టుకున్నాను. మన వానాకాలంలో సంగతి తలకిందులు: బయటి తడిగాలి కింది నుంచి పైకి వచ్చి, ఏసీకి చల్లబడిన ఆ పాలిథీన్ అడుగున నీరుగా మారుతుంది. ఒక్క వానాకాలం గడిచాక మంచం కింద నేల మెత్తబడిందని షీటు లేపి చూస్తే, పాలిథీన్ అడుగున చెమటలా నీళ్లు, దాని కింద ఫ్రేమ్‌కు కొట్టిన చెక్క పట్టీ వేలితో నొక్కితే అటుకుల్లా పొరలు పొరలుగా ఊడివచ్చింది. ఇప్పుడు తేమను ఆపే పొర అడుగునే ఉంది: ఛాసీ కింద జీఐ (జింకు పూత ఇనుప) రేకు, అతుకులకు సీలెంట్, దాని పైన 50 మి.మీ. థర్మోకోల్, ఆపైన ప్లైవుడ్. పైన పాలిథీన్ లేదు. ఎండ వేడి ప్రధానంగా కప్పు నుంచి దిగుతుంది కాబట్టి థర్మోకోల్ ఖర్చు నేలకన్నా అక్కడే ఎక్కువ పెట్టడం మంచిది.

పరకాల_పత్తిచేను:
ధన్యవాదాలన్నా. చేనులో ఎలుకల బెడద చాలా ఉంది. రేకు వాటిని ఆపుతుందా? పైగా స్నానాల గది నీరు రేకులోకి కారితే బయటికి ఎలా పోతుంది?

నర్సంపేట_తోటఇల్లు:
రేకు ఆపుతుంది గానీ, పైపులు, కరెంటు తీగలు దిగే రంధ్రాల చుట్టూ వదిలిన సందులోంచి దూరితే థర్మోకోల్ అంతా గూడైపోతుంది. ఆ సందులను సన్నని ఇనుప జాలీతో మూయండి. స్నానాల గది కింద మాత్రం థర్మోకోల్ వేయకండి; అక్కడ రేకును ఒక మూలకు కొద్దిగా వాలుగా బిగించి, జాలీ పెట్టిన చిన్న రంధ్రం వదిలితే కారిన నీరు నేల మీద పడుతుంది, లీకేజీ ఉందని కూడా మీకు తెలుస్తుంది.

హన్మకొండ_విశ్రాంత_ఇంజనీర్:
ఒక్క విషయం మిగిలింది. ఇంటి బరువును టైర్ల మీద ఉంచకండి. టైరు గాలి తగ్గగానే ఇంటి నేల వంగి, తలుపు బిగుసుకుపోతుంది. ఛాసీ నాలుగు మూలల కింద, నడుమ రెండు చోట్ల జాకీలు పెట్టండి. రేగడి మీద జాకీ నేరుగా నిలవదు కనుక ప్రతి చోటా రెండు అడుగుల లోతున మట్టి తీసి, మొరం పోసి దిమ్మిస కొట్టి, పైన గ్రానైట్ బండ వేయండి. నీళ్ల పైపుతో మట్టం చూసుకున్నాకే ఫ్రేమ్ బోల్టులు పూర్తిగా బిగించండి. మొదటి ఏడాది వానలు పడ్డాక ఒకసారి, నెర్రెలు విచ్చాక మరోసారి ఆ మట్టాన్ని సరిచూసుకోండి.