ఇంగ్లీషు పదాలు వారానికే మరచిపోతున్నాను: పద్ధతి మార్చాలా?

ప్రశ్న (దేవరకొండ నుంచి)
తెలుగు మాధ్యమంలో చదివి డిగ్రీ పూర్తి చేశాను, ఇప్పుడు గ్రూప్-1కు సిద్ధమవుతున్నాను. మెయిన్స్‌లోని జనరల్ ఇంగ్లీషు పేపరు కోసం నిఘంటువులోంచి రోజూ కొన్ని పదాలను అర్థాలతో సహా రాసుకొని వల్లె వేస్తున్నాను గాని, వారం తిరిగేసరికి సగం కూడా గుర్తుండటం లేదు. గుర్తున్నవాటినైనా వాక్యంలో ఎలా వాడాలో తెలియడం లేదు. దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం (ఇంగ్లీషు ఉపాధ్యాయురాలు, మహబూబ్‌నగర్)
ఆ పేపరు పదో తరగతి స్థాయిలో ఉంటుంది. అందులో అర్హత సాధిస్తే చాలు, మార్కులు ర్యాంకుకు కలపరు. కాబట్టి అరుదైన పదాల వెంట పడవలసిన అవసరం లేదు. మైకేల్ వెస్ట్ 1953లో ప్రచురించిన జనరల్ సర్వీస్ లిస్టులో ఉన్నవి దాదాపు 2,000 పదాలే అయినా, మామూలు ఇంగ్లీషు రాతలో నూటికి ఎనభై వంతుల దాకా అవే కనిపిస్తాయి. వాటి మీద పట్టు వచ్చాక, 2000 సంవత్సరంలో ఎవ్‌రిల్ కాక్స్‌హెడ్ రూపొందించిన అకడమిక్ వర్డ్ లిస్టులోని (చదువులకు సంబంధించిన రాతల్లో తరచూ వచ్చే పదాల జాబితా) 570 పద కుటుంబాల వైపు, అంటే ఒక్కో మూలపదమూ దాని నుంచి పుట్టిన రూపాల వైపు, వెళ్లండి. ఎనలైజ్, ఎస్టాబ్లిష్, సిగ్నిఫికెంట్ వంటివి అందులోనివే. వాడుక తెలియడం లేదన్నారు గదా, ఏ పదాన్నీ ఒంటరిగా రాసుకోకండి. డెసిషన్‌తో మేక్, రెయిన్‌తో హెవీ, రెస్పాన్సిబుల్ పక్కన ఫర్ వస్తాయని జంటగా నేర్చుకుంటేనే అది వాక్యంలోకి వస్తుంది.

సమాధానం (మిర్యాలగూడ నుంచి)
మేడమ్ గారు చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. మీకు ముందే బాగా తెలిసిన విషయాన్నే ఇంగ్లీషులో చదవండి. నాగార్జునసాగర్‌కు 26 క్రెస్ట్ గేట్లున్నాయనీ, పూర్తిస్థాయి నీటిమట్టం 590 అడుగులనీ మన వైపు వాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు గనుక, వానాకాలంలో ఇంగ్లీషు పత్రికలో ఆ వార్త చదువుతున్నప్పుడు తెలియని పదం ఎదురైనా అర్థం ఊహకు అందుతుంది. రిజర్వాయర్, డిశ్చార్జ్, సర్‌ప్లస్, అప్‌స్ట్రీమ్ వంటి మాటలు వరద తగ్గేలోపు పదేపదే కనిపించి, వల్లె వేయకుండానే వంటబడతాయి.

సమాధానం (నల్లగొండ నుంచి)
ఈ సలహాతో సగమే ఏకీభవిస్తాను. సాగర్ వార్తలు సాగర్ పదాలనే ఇస్తాయి. ఆరోగ్యం మీదో ఉపాధి మీదో రాయమంటే అవి అక్కరకు రావు. పైగా కొంచెం అరుదైన పదం చదువులో మళ్లీ ఎదురయ్యేలోపే మరుపున పడుతుంది. నేర్చుకున్నది మొదటి రోజుల్లోనే వేగంగా జారిపోతుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన ప్రయోగాలతో చూపించారు. కాబట్టి పదాలను చీటీల మీద రాసి మర్నాడు, మూడు రోజులకు, వారానికి, నెలకు తిరగేయండి. ఆండ్రాయిడ్ ఫోనులో ఉచితంగా దొరికే ఆంకీ యాప్ ఈ లెక్క తానే చూసుకుంటుంది. అర్థం మూసిపెట్టి గుర్తు తెచ్చుకోవడమే ఇందులో అసలు పని, ఊరికే చూస్తూ పోవడం కాదు.

మళ్లీ ఉపాధ్యాయురాలు
చీటీల పద్ధతి మంచిదే. అయితే చీటీకి ఒక వైపు పదానికి బదులు, ఆ పదం ఉండవలసిన చోట ఖాళీ వదిలిన వాక్యం రాయండి.