మూతబడ్డ నూలు మిల్లు సామాను: రింగ్ ఫ్రేమ్ (నూలు వడికే మిషను) తెలిసినోళ్లు చెప్పండి

గుత్తి_రోడ్డు:
గుంతకల్లు దగ్గర మూతబడ్డ నూలు మిల్లు సామాను ఒక పెట్టెలో దొరికింది. చెక్క బాబిన్లు, డబ్బా నిండా గోరంత కూడా లేని సి ఆకారపు తీగలు, నోటుబుక్కులో పేజీ పేజీకీ "లీ 1.62 – 40". బడి పిల్లలకు చూపించాల. ఏది దేనికి? మిషను ఆపకుండానే తెగిన నూలు అతికేవాళ్లంట, ఎట్లన్నా?

సైడర్_పాతకాపు:
ఆ తీగలు ట్రావెలర్లు. బాబిన్ చుట్టూ ఉండే రింగ్ అంచు పట్టుకొని తిరుగుతూ నూలును బాబిన్ మీదికి చుట్టేది ఇదే. 42 మిల్లీమీటర్ల రింగ్, నిమిషానికి 12,000 చుట్లు అనుకుంటే సెకనుకు 26 మీటర్ల వేగం. డబ్బా మీద నంబరు చూడు: 1/0 కన్నా 5/0 తేలిక, 10/0 ఇంకా తేలిక. బరువెక్కువైతే నూలు బిగిసి తెగుతుంది. తక్కువైతే బెలూన్ (తిరిగే నూలు గాలిలో చేసే బుడగ ఆకారం) ఉబ్బి పక్క పలకకు కొట్టుకొని నూలు నూగుపడుతుంది.

అతకడానికి ఫ్రేమ్ మొత్తం ఆపరు, నూలు తెగిన స్పిండిల్ (బాబిన్ తిరిగే కడ్డీ) ఒక్కటే. మోకాలితో దాని బ్రేకు నొక్కి, బాబిన్ మీద కొస వెతికి, మూర పొడవు లాగి ట్రావెలర్‌లో దూర్చాల. ఆమీద పైనున్న లాపెట్ కొక్కెంలోంచి తీసి, బ్రేకు వదిలి, ముందు రోలర్ నుంచి వచ్చే దూది పోగుకు కొస ఆనించాల. మెలిక అదే పట్టేస్తుంది. ఆలస్యమైతే ఆ దూదంతా సక్షన్ గొట్టంలోకి పోతాది. లావుగా అతికితే కోన్ వైండింగ్‌లో (బాబిన్ నూలును పెద్ద కోన్ మీదికి చుట్టేటప్పుడు) మళ్లా తెగుతుంది. ఇది మాటల్లో రాదు, వేళ్లలో ఉండాల.

ఆదోని_దూది:
1.62 అంటే గ్రాములు. లీ అంటే 120 గజాలు. 64.8ని లీ బరువుతో భాగిస్తే కౌంటు (నూలు ఎంత సన్నమో చెప్పే అంకె, పెద్దదైతే సన్నం): 64.8 / 1.62 = 40. ఎండాకాలం ఇక్కడే మోసం. దూది ఆరి లీ తేలికై, 40 నూలు 41లా కనిపిస్తుంది. అది చూసి పినియన్ (నూలు లావును మార్చే పళ్లచక్రం) మార్చినారంటే, తేమ తిరిగొచ్చినాక నూలు లావు.

పత్తికొండ_వాసి:
అందుకే గదిలో తేమ 55–60 శాతం ఉంచేది. మన ఏప్రిల్ గాలికి తేమ యంత్రం ఆగితే పోగులు విడిపోయి రోలర్‌కు చుట్టుకుంటాయి, ఫ్రేమంతా నూలు తెగడమే.

సైడర్_పాతకాపు:
అట్లని నీళ్లు ఎక్కువ కొట్టినా చుట్టుకుంటాయి, ఈసారి జిగటకు.

గుత్తి_రోడ్డు:
బాబిన్ల కొసకు ఎర్ర రంగు, కొన్నిటికి పచ్చ?

ఆదోని_దూది:
కౌంటుకొక రంగు. ఏది దేనికన్నది మిల్లు మిల్లుకూ మారుతాది. రెండూ వేరువేరు తట్టల్లో పెట్టు. 40లో 60 కలిస్తే నేసినాక బట్టలో గీత పడుతుంది, అప్పుడు పట్టుకోవడం శానా కష్టం.