హెచ్‌ఎం ప్రమోషన్‌కి టెట్ అడగొచ్చా?

రిజిస్టర్_రావు:
2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) తీర్పులో ఒక్క పాయింటు తేల్చండి. ఐదేళ్లలోపు సర్వీసు మిగిలినవాళ్లు టెట్ లేకపోయినా రిటైరయ్యే దాకా ఉండొచ్చు, ప్రమోషన్ కావాలంటే మాత్రం పాసవ్వాలి అన్నారు. సరే. కానీ స్కూల్ అసిస్టెంట్ నుంచి గెజిటెడ్ హెచ్‌ఎం అయ్యేవాడికి ఇది ఎలా వర్తిస్తుంది? టెట్ ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు పాఠం చెప్పేవాళ్లకి. హెచ్‌ఎం నడిపేది పదో తరగతి దాకా ఉన్న బడి. విద్యాహక్కు చట్టం షెడ్యూల్ తీసి చూడండి. ప్రాథమిక పాఠశాలలో 150 మంది పిల్లలు దాటితే ఐదుగురు ఉపాధ్యాయులు, ‘ప్లస్ ఒక ప్రధానోపాధ్యాయుడు’ అని ఉంది. ఇద్దరూ ఒకటే అయితే ఆరుగురు అని రాసేవాళ్లు కదా? నావి డిపార్ట్‌మెంటల్ పరీక్షల్లో 88, 97, 141 పేపర్లు ఎప్పుడో అయిపోయాయి. ఇంకేం అర్హత కావాలి?

చాక్‌పీస్:
మళ్లీ మొదలైంది.

సెక్షన్_23:
రావుగారూ, మీరు చూపించిన వరుసకి పైన కాలమ్ హెడ్డింగు చదివారా? ‘ఉపాధ్యాయుల సంఖ్య’. ఆ లెక్కలోనే హెచ్‌ఎం ఉన్నాడు. అంటే చట్టం దృష్టిలో ఆయన కూడా టీచరే. హైస్కూల్లో 6, 7, 8 తరగతులు ఉన్నంతకాలం ఆ చట్టం మన గేటు బయట ఆగదు. పైగా 2014 నవంబరు నాటి ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) రెగ్యులేషన్లలో, ఒక స్థాయి నుంచి పై స్థాయికి ప్రమోషన్ ఇచ్చేటప్పుడు కూడా ఆ స్థాయికి పెట్టిన కనీస అర్హతలు చూడాలని ఉంది. టెట్ అంటే ఏదో అదనపు సర్టిఫికెట్ అనుకుంటున్నారు మీరు. ఎన్‌సీటీఈ 2010 ఆగస్టు 23 నోటిఫికేషన్‌లోనే అది కనీస అర్హత.

రిజిస్టర్_రావు:
హెడ్డింగు సంగతి వదిలేయండి. ‘ప్లస్’ ఎందుకు పెట్టారో చెప్పండి.

మధ్యాహ్నం_బెల్లు:
అన్నా, ఖాళీ వచ్చింది ఈ తీర్పుకి ముందు. అప్పటి రూల్సే వర్తించాలి కదా? 1983 రంగయ్య కేసు ఉంది. అది మన ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ కేసే.

సెక్షన్_23:
రంగయ్య కేసుని సుప్రీంకోర్టే 2022 మేలో పక్కన పెట్టేసింది, హిమాచల్ ప్రదేశ్ - రాజ్‌కుమార్ కేసులో, ముగ్గురు జడ్జిల బెంచి. ఖాళీ ఎప్పుడు వచ్చిందన్నది కాదు, ప్రమోషన్‌కి పేరు పరిశీలించే రోజున ఏ రూలు ఉందన్నదే ముఖ్యం అంది. ఇప్పటికీ పిటిషన్లలో రంగయ్యని పెట్టి టీచర్ల దగ్గర ఫీజు వసూలు చేసే లాయర్లు ఉన్నారు.

మధ్యాహ్నం_బెల్లు:
మా సంఘం లాయరూ అదే పెట్టాడు 😐

స్టాఫ్‌రూమ్_కిటికీ:
కోర్టుల సంగతి ఎలా ఉన్నా, మా బడిలో మూడేళ్లుగా హెచ్‌ఎం పోస్టు ఖాళీ. ఇన్‌ఛార్జి మేడమ్ రెండు సెక్షన్లకు లెక్కలు చెబుతూ, గుడ్ల బిల్లు కూడా తనే చూస్తుంది. ఆమెకి టెట్ లేదు. రేపు ప్రమోషన్ల ప్యానెల్ (అర్హుల జాబితా) వేస్తే ఆమె పేరు ఉండదు, పని మాత్రం ఆమెదే.

రిజిస్టర్_రావు:
చూశారా! పని చేయడానికి అర్హత ఉంది, కుర్చీకి లేదు. నేనూ ఆరేళ్లు ఎఫ్‌ఏసీలో, అంటే పూర్తి అదనపు బాధ్యతల్లో, ఇన్‌ఛార్జిగా ఉన్నాను. రబ్బరు స్టాంపు మీద ‘ఇన్‌ఛార్జి’ అన్న అక్షరాలు అరిగిపోయి, ఇప్పుడు ఉత్త ‘హెచ్‌ఎం’ అనే పడుతోంది. 1996 డీఎస్సీ వాణ్ణి. పరీక్ష రాయకుండా రాలేదు మేము.

సెక్షన్_23:
నేను మాత్రం దొడ్డిదారిన వచ్చానా? 2012 డీఎస్సీ, టెట్ పాసై వచ్చాను. మీలాంటి ఒక ఇన్‌ఛార్జి గారు నా ఇంక్రిమెంటు బిల్లు ఐదు నెలలు పెట్టలేదు. అడిగితే ‘నేను రెగ్యులర్ కాదు కదా, ఆడిట్ వస్తే ఎవరు చెప్పుకుంటారు’ అన్నాడు. సంతకం పెట్టాల్సి వస్తే ఇన్‌ఛార్జి, ప్యానెల్ వేస్తే సీనియర్! కేసు మీద కేసు వేసి లిస్టు ఆపింది ఎవరు? మా బ్యాచ్ ఎదురుచూసిన ఏళ్లు ఎవరిస్తారు?

రిజిస్టర్_రావు:
అదీ అసలు సంగతి! చట్టం, షెడ్యూల్, సెక్షన్ అన్నీ ఉత్తవే. మేం తప్పుకుంటే మీ నంబరు ముందుకొస్తుంది. తమ్ముడూ, మా పక్క మండలంలో అర్హత లిస్టులో ఉన్న ఒకాయన నా దగ్గర తొమ్మిదో తరగతి చదివాడు. రేపు అతను ఇక్కడికి హెచ్‌ఎంగా వస్తే, ఉదయం తొమ్మిదికి అతని బల్ల ముందు నిలబడి హాజరు రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. ఆ దృశ్యం మీకు ఏ రెగ్యులేషన్‌లోనూ కనపడదు.

సెక్షన్_23:
అవును, నా నంబరు ముందుకొస్తుంది. అందులో సిగ్గేముంది? మీకేమో శిష్యుడి ముందు నిలబడాలంటే నామోషీ. దానికి ‘ప్లస్’ అడ్డం పెట్టుకున్నారు.

మోడరేటర్:
ఇద్దరూ ఆగండి. మనుషుల మీదకి పోవద్దు.

స్టాఫ్‌రూమ్_కిటికీ:
ఒక మాట అడుగుతా, రావు మాస్టారూ, ఏమీ అనుకోకండి. టెట్ రాశారా?

(ఆ రాత్రి ఎవరూ ఏమీ రాయలేదు.)

రిజిస్టర్_రావు:
రాశాను. ఇంట్లో కూడా చెప్పలేదు. ఓసీకి 150కి 90 రావాలి, 86 వచ్చాయి. సోషల్ 60కి 41, తెలుగు 23, ఇంగ్లిష్ 12. సైకాలజీ 30కి 10. హాల్లో నా ముందు బెంచీలో మా బళ్లో చదివిన అమ్మాయి ‘నమస్తే సార్, ఇన్విజిలేషన్‌కి వచ్చారా’ అంది. అవునన్నాను. తర్వాత హాల్‌టికెట్ బల్ల మీద పెట్టాల్సి వచ్చింది.

సెక్షన్_23:
నామోషీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. లిస్టు గురించి అన్నది మాత్రం కాదు.

చాక్‌పీస్:
నాలుగు మార్కులే కదా మాస్టారూ. సైకాలజీ నోట్సు నా దగ్గర ఉంది, పియాజే దగ్గర్నుంచి అన్నీ చేత్తో రాసినవి. పంపనా?

రిజిస్టర్_రావు:
పంపండి. అయినా ఐదుగురి తర్వాత ‘ప్లస్’ ఎందుకు పెట్టారో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.