మత్తుమందుల కోసం చేసే మూత్రపరీక్షలో ఖైదీకి పాజిటివ్ వస్తే వెంటనే శిక్ష వేయవచ్చా?

విశ్రాంత వార్డరు:
ముప్ఫై ఏళ్లు జైలు గేటు దగ్గర పనిచేశాను. చెప్పుల అట్టలో కుట్టి పంపిన గంజాయిని నా చేతులతో విప్పి తీశాను. ఒక్క పొట్లం లోపలికి చేరితే బ్యారక్‌లో అప్పులు, ఆ అప్పుల మీద కొట్లాటలు. అందుకే చెప్పాపెట్టకుండా పరీక్షలు చేయాలి. పాజిటివ్ వస్తే ఆ రోజే ములాఖత్ ఆపాలి. ఆలస్యమైతే ఎవరూ భయపడరు.

ల్యాబ్ టెక్నీషియన్:
వార్డరు గారూ, పరీక్షలు ఉండాలనే నేనూ అంటాను. నా అభ్యంతరమంతా "ఆ రోజే" అన్న మాట మీదే. మా ల్యాబ్‌లో వాడే పట్టీ మీద గీత పడకపోతే పాజిటివ్ అని అర్థం. అది అనుమానమే. మాస్ స్పెక్ట్రోమెట్రీతో, అంటే అణువుల బరువును బట్టి ఏ మందో కచ్చితంగా తేల్చే యంత్రంతో నిర్ధారించాకే దాన్ని ఫలితం అనాలి. గసగసాలు నల్లమందు మొక్క గింజలే కాబట్టి, కోడికూరలో వాటి ముద్ద దండిగా పడినా నల్లమందు గీత మాయం కావచ్చు. ఈ గసగసాల గొడవ వల్లే అమెరికా ప్రభుత్వం 1998లో ఉద్యోగుల పరీక్షల్లో ఎంత ఉంటే పాజిటివ్ అనాలన్న హద్దును మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచింది. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ కూడా కొన్ని కిట్లను బోల్తా కొట్టిస్తుంది. జైళ్లలో క్షయ రోగులు ఎందరుంటారో నాకన్నా మీకే బాగా తెలుసు.

న్యూయార్క్ రాష్ట్ర జైళ్లలో 2019లో ఇదే జరిగింది. కొత్త పరీక్ష పెట్టారు, నిర్ధారణ మాత్రం చేయించలేదు. ఆ ఫలితాలను నమ్మి 1,600 మందికి పైగా ఖైదీలను శిక్షించారు. కొందరిని ఒంటరి గదుల్లో పెట్టారు, కొందరికి విడుదల ఆలస్యమైంది. ఆ తప్పును ప్రభుత్వ శాఖలపై విచారణ జరిపే ఆ రాష్ట్ర ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక 2022 జనవరిలో బయటపెట్టింది. ఒంటరి గదిలో గడిచిన రోజులను ఎవరు తిరిగి ఇస్తారు?

విశ్రాంత వార్డరు:
బాధాకరమే. కానీ నిర్ధారణకు వారాలు పడితే, అంతవరకు మమ్మల్ని చేతులు కట్టుకుని కూర్చోమంటారా?

ల్యాబ్ టెక్నీషియన్:
వద్దు. ఖైదీ ఎదుటే నమూనాను రెండు సీసాల్లో పోసి, సీలు వేసి, సంతకం తీసుకోండి. వెంటనే డాక్టరుకు చూపించండి. బ్యారక్‌లో సోదా చేయండి. ములాఖత్ మాత్రం ఆపకండి. ఇంకొక మాట. గంజాయి బాగా అలవాటున్నవారి మూత్రంలో వారాల తరబడి కనిపిస్తుంది, హెరాయిన్ రెండు మూడు రోజుల్లో పోతుంది. ఇంగ్లండ్ జైళ్లలో 1996 నుంచి తప్పనిసరి పరీక్షలు ఉన్నాయి. దొరకకూడదని ఖైదీలు గంజాయి వదిలి హెరాయిన్‌కు మళ్లుతారన్న ఆందోళన అక్కడ అప్పటి నుంచీ ఉంది.

విశ్రాంత వార్డరు:
రెండు సీసాల పద్ధతికి ఒప్పుకుంటాను. ఫలితం వచ్చేదాకా ములాఖత్ ఆపను, కానీ అద్దానికి అటూ ఇటూ కూర్చోబెట్టి, ఫోనులోనే మాట్లాడిస్తాను.